కచేరీలో వినవచ్చు క్రొత్త మాటలు



ఒకప్పుడు అడంగలు నకలు కావలసిన రైతు కరణముగారి అరుగు నెక్కెడివాడు. కట్ట విప్పుటయు, పుట త్రిప్పుటయు, నకలు వ్రాయుటయు అతని కన్నుల యెదుటనే జరిగెడివి. నేడట్లు గాదు. 2011లో మీసేవ కేంద్రములును, 2019లో ఆంధ్రప్రదేశమున గ్రామ సచివాలయములును వెలసిన పిదప, పొలము కాగితములును, ఆదాయ ధ్రువపత్రములును కంప్యూటరు ద్వారా వచ్చుచున్నవి. బల్లకు ఆవలనున్న గుమాస్తా ఒకనాడు “సర్వరు పనిచేయుట లేదు” అనును. ఒకనాడు “నెట్టు లేదు” అనును. మరియొకనాడు “ప్రింటరు ఆఫ్‌లైను” అనును. మూడింటికిని తుదిమాట ఒక్కటే: “రేపు రండి.” పని మానుకొని, బస్సు ఛార్జి పెట్టుకొని వచ్చిన వృద్ధునకు ఆ రేపు ఉచితముగా వచ్చునది కాదు. ఈ మూడు మాటలకును అర్థములు వేరు, మందులు వేరు. ఆ భేదమునే నేడు నేను మనవి చేయదలచినాను.

నెట్‌వర్కు అనగా వల. కంప్యూటరులను తీగలతోగాని, తీగ లేకుండ వైఫై తరంగములతోగాని కలిపినచో అది నెట్‌వర్కు అగును. ఒక్క కచేరీలోని యంత్రములను కలుపు చిన్న వలను లాన్ అందురు. ఇట్టి వలలు ప్రపంచమంతట ఒకదానితో నొకటి కలియగా ఏర్పడినదే ఇంటర్నెట్టు.

సర్వరు అనగా అడిగినవారికి అడిగినది అందించు యంత్రము. మీ పొలము వివరములు గుమాస్తా బల్లమీది కంప్యూటరులో లేవు. ఎక్కడనో దూరమున నున్న సర్వరునందు కలవు. బల్లమీదిది కిటికీ వంటిది మాత్రమే. కావున బల్లమీది కంప్యూటరు చెడినను, ప్రింటరులో కాగితము చిక్కుకొన్నను, దస్త్రము పోయినదని భయపడ నక్కరలేదు. కిటికీ మూసినంతమాత్రమున గాదెలోని ధాన్యము తరుగునా?

ఈ యంత్రములు టపా పద్ధతినే అనుసరించుచున్నవి. పంపవలసిన విషయమును చిన్న చిన్న తునకలుగా చేసి, ప్రతిదానికిని సంఖ్య వేసి పంపును. వీనిని ప్యాకెట్లందురు. సాధారణముగా ఒక్కొక్కటి 1,500 బైట్లకు మించదు. అనగా 500 తెలుగు అక్షర చిహ్నములకు లోపు. అవి వేరువేరు దారుల పోయినను, చేరినచోట సంఖ్యల వరుసను మరల కూర్పబడును. కచేరీలోపల తునకను సరియైన యంత్రమునకు చేర్చునది స్విచ్చి. అది లస్కరువలె కావలసిన తూమునే తెరచును. కచేరీనుండి బయటి వలలకు దారి చూపునది రౌటరు. ప్రతి యంత్రమునకును ఐపీ అడ్రసను చిరునామా యుండును. 1981లో స్థిరపడిన పద్ధతిలో అది నాలుగు సంఖ్యలు. ఒక్కొక్కటి 0 మొదలు 255 వరకు ఉండవచ్చును. ఇట్లేర్పడు చిరునామాలు సుమారు 429 కోట్లు. అవియు చాలక, మరింత పొడవైన చిరునామాలు వాడుకలోనికి వచ్చినవి.

1969 అక్టోబరు 29న అమెరికాలోని కాలిఫోర్నియాలో, లాస్ ఏంజలెస్ విశ్వవిద్యాలయమునుండి స్టాన్‌ఫర్డు పరిశోధన సంస్థకు “లాగిన్” అను మాట పంపబోయిరి. మొదటి రెండక్షరములు చేరగానే ఆవలి యంత్రము నిలిచిపోయినది. వలకెంత వయస్సో, “నెట్టు లేదు” అను మాటకును అంతే వయస్సు!

ఇక ప్రింటరు. నాడాపై సూదులతో కొట్టునది డాట్ మ్యాట్రిక్సు. కార్బను ప్రతులు కావలసినచోట్ల నేటికిని దానికి పనియున్నది. సన్నని సిరా తుంపరలు చల్లునది ఇంకుజెట్టు. మూడవది లేజరు. 1938లో చెస్టర్ కార్ల్‌సన్ అను అమెరికా దేశస్థుడు, విద్యుదాకర్షణచేత పొడిని గ్రహించి ప్రతులు తీయు విధము కనుగొనెను. లేజరు ప్రింటరునకు మూలమదియే. టోనరను పొడి అక్షరరూపమున కాగితమున కంటుకొని, వేడికి కరగి పట్టుకొనును. అందుచేతనే కాగితము వెచ్చగా వెలికి వచ్చును.

కంప్యూటరు భాషను ప్రింటరునకు తెలియజెప్పు ద్విభాషి డ్రైవరు. తెలుగు అక్షరరూపములు గలది ఫాంటు. అది లోపించినచో పేరునకు బదులు చతురస్రములు పడును. ప్రింటరు చిరునామా మారినచో, కంప్యూటరు పాత యింటికే జాబులు వ్రాయుచుండును. ప్రింటరు ప్రక్కనే ఊరక కూర్చుండును. “ఆఫ్‌లైను” అనుటకు ఇది యొక కారణము. తీగ యూడుట, మీట వేయకుండుట తక్కిన కారణములు. ఇవి యన్నియు ఆ కచేరీలోనే చక్కబడదగినవి. కావున ప్రింటరు దోషమైనచో కొంతసేపు వేచియుండుట లాభము. నెట్టు లేనిచో ప్రక్క గ్రామమున ఉన్నదేమో విచారింపుడు. సర్వరే నిలిచినచో ఏ ఊరికి పోయినను ఫలము లేదు. ఇంటికి పోయి, ఫోనులో విచారించి మరల వచ్చుట మేలు.

ముద్రింపవలసిన కాగితములు వరుసలో నిలుచుటను క్యూ అందురు. ఇది నీటివంతు వంటిది. ముందువాని మడి తడిసినగాని మన వంతు రాదు. కాగితము రాలేదని గుమాస్తా పదిసారులు మీట నొక్కినచో, చిక్కు విడిన వెంటనే పది ప్రతులును వెలువడును. మీ ఆధారు సంఖ్యయు, సర్వే నంబరును గల ఆ ప్రతులు పరుల చేతబడకుండ అడిగి తీసికొనుడు, లేదా చింపించుడు.

అన్నిటికంటె ముఖ్యమైనది తుదకు చెప్పుచున్నాను. కాగితమున తప్పు కనబడినచో, తెరమీద చూపుమని అడుగుడు. తెరమీద సరిగానుండి కాగితమున తప్పైనచో అది ముద్రణదోషము. మరియొక ప్రతి తీసిన చాలును. తెరమీదనే తప్పున్నచో అది దస్త్రదోషము. నూరు ప్రతులు తీసినను నూటియందును అదే తప్పు పడును. అప్పుడు సవరణకై అర్జీ యిచ్చి, రసీదు సంఖ్యను భద్రపరచుకొనవలయును. యంత్రము అబద్ధమాడదని కొందరందురు. తనకిచ్చిన దానినే అది మరల చెప్పును, ఇచ్చినవాడు మనుష్యుడే. తాతలనాటి పొలమునకు సంబంధించిన కాగితమును అచ్చులో నున్నదని నమ్మి మడిచి పెట్టుకొనక, పేరును, విస్తీర్ణమును, సర్వే నంబరును బల్లయొద్దనే చదువుకొనుడు.