యౌవనమున హృదయరక్షణము



పదవ తరగతి పూర్తియైనతోడనే మన గ్రామముల పిల్లలు విజయవాడకో, గుంటూరునకో, హైదరాబాదునకో చదువునకై పోవుచున్నారు. 15, 16 ఏండ్ల ప్రాయము, వసతిగృహమున వాసము, చేత ఫోను. తల్లిదండ్రుల కన్ను అచ్చటికి చేరదు. దైవభక్తితో పెంచిన బిడ్డ అచ్చట చెడకుండుట యెట్లని క్రైస్తవ కుటుంబముల పెద్దలు చింతిల్లుచున్నారు. నేటి ప్రసంగమునకు ఈ చింతయే విషయము.

సామెతల గ్రంథము 4వ అధ్యాయమున ఒక తండ్రి కుమారులకు బోధించుచున్నాడు. తన బాల్యమున తన తండ్రియు తనకిట్లే బోధించెనని యతడు చెప్పును. హృదయమును కాచుకొమ్మను ప్రసిద్ధమైన హితవు అందు 23వ వచనమున గలదు. హృదయమునకు హీబ్రూ భాషలో వాడిన ‘లేబ్’ అను పదము కోరికలను మాత్రమే చెప్పదు. తలంపు, వివేచన, సంకల్పము అన్నియు అందిమిడియున్నవి. మన శాస్త్రకారులు అంతఃకరణమనునది దీనికి చేరువ. కాచుట యనుటకు అచ్చట వాడిన ధాతువే, అదే గ్రంథము 27వ అధ్యాయమున అంజూరపు చెట్టును సాకువానికిని వాడబడినది. కావున హృదయరక్షణము కావలి మాత్రమే కాదు, సేద్యము కూడ. కంచె పశువును ఆపును గాని పంటను పండింపదు. ఈ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు.

కంచె వలదని నా భావము గాదు. ఫోనులో డబ్బు పెట్టి యాడు పందెములను తెలంగాణమున 2017లోను, ఆంధ్రప్రదేశ్ నందు 2020లోను నిషేధించిరి. 2025లో భారత పార్లమెంటు దేశమంతటికిని చట్టము చేసెను. మంచిదే. కాని ధర్మరాజు జూదము కీడని యెరుగకయా పాచికలు పట్టెను? ఎరిగియు పట్టెను.

పతనమునకు ఒక క్రమము గలదు. సేన యుద్ధమునకు పోగా దావీదు రాజు యెరూషలేముననే నిలిచెను. సాయంకాలమున మిద్దెపై తిరిగెను, చూచెను, ఆమె యెవరని విచారించెను, దూతలను పంపెను. తుదకు ఊరియా యను నిరపరాధి ప్రాణము పోయెను. పనిలేని పొద్దు మొదటి మెట్టు, చూపు రెండవది. అచ్చటనే ఆగుట సులభము, పిదప దుర్లభము. అర్ధరాత్రమున ఫోనుతో ఒంటరిగా కూర్చున్న బాలుడు ఆ మిద్దె నెక్కినవాడే. మన యూళ్లలో ఆడపిల్లలకు కాపలా పెట్టి మగపిల్లలను విడిచిపెట్టుట వాడుక. దావీదు కథ యెవరిని హెచ్చరించుచున్నదో తలపోయుడు.

ఇక యోసేపు. 17 ఏండ్ల వయసున తండ్రి మందలను కాచుచుండిన యీ బాలుడు అన్నలచే అమ్మబడి, ఐగుప్తులో పోతీఫరు ఇంట దాసుడాయెను. యజమానుని భార్య దినదినమును పిలుచుచుండెను. చూచుటకు బంధువు లేడు. సీనాయి కొండపై పది యాజ్ఞలు అప్పటికింకను ఇయ్యబడలేదు. ఐనను అది దేవునికి విరోధమైన పాపమని చెప్పి నిరాకరించెను. ఆమె పైవస్త్రము పట్టుకొన్ననాడు దానిని ఆమె చేతనే విడిచి పారిపోయెను. తన మనోబలమును పరీక్షించుకొనుటకు అచ్చట నిలువలేదు. యౌవనేచ్ఛలనుండి పారిపొమ్మనియు, శుద్ధహృదయులతో కూడి మేలును వెంటాడుమనియు పౌలు తిమోతికి చెప్పెను. పారిపోవుట పిరికితనము గాదని మన పిల్లలకు తెలుపవలెను.

ఇంకొకటి దాచరాదు. యోసేపునకు వెంటనే దొరికిన ఫలము చెరసాల. ఫరో యెదుట నిలుచునాటికి అతనికి 30 ఏండ్లు. మంచిగా నున్నచో తక్షణము మేలు కలుగునని పిల్లలకు చెప్పకుడు. కలుగనినాడు వారు మన మాటతోపాటు దేవుని మాటను కూడ శంకింతురు.

పరదేశమున అతనిని కాచినదేది? యాకోబు గుడారమున చిననాడు నాటుకొన్న భక్తియేయని నా తలంపు. తిమోతి విశ్వాసము మొదట అతని అవ్వయగు లోయియందును, తల్లియగు యునీకేయందును ఉండెనని పౌలు వ్రాసెను. అవ్వ పేరే ముందు వచ్చినది. కావున పెద్దలారా, ఈ సేద్యము మనదే. బిడ్డ ఇంట నున్నన్నాళ్లు, రాత్రి భోజనమునకు ముందు అందరును కూడి, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో నొకటి పాడి ప్రార్థింపుడు. అప్పుడు మీ ఫోనును మీరే ముందుగా పక్కన పెట్టుడు. సెలవులకు వచ్చినప్పుడు మార్కులు మాత్రమే యడుగక, స్నేహితులెవరో, రాత్రులు నిద్ర పట్టుచున్నదో యడుగుడు.

బిడ్డ తప్పు చెప్పుకొన వచ్చినచో కసరకుడు. నలుగురిలో పరువు తీయకుడు. ఒకసారి కసరినచో రెండవసారి చెప్పడు, దాచును. దాచిన గాయమే పుండగును. లూకా సువార్త 15వ అధ్యాయములోని తండ్రి, చెడి తిరిగివచ్చుచున్న కుమారుని దూరముననే చూచి పరుగెత్తి కౌగిలించుకొనెను. మన పిల్లలకు మన వాకిలి అట్లు తెరచియుండునని తెలిసిననాడు, పట్టణమున శోధన కలిగినప్పుడు వారికి ఇల్లు జ్ఞప్తికి వచ్చును.

దేవుడు మీ బిడ్డలను కాచుగాక. సెలవు.