మొక్కల మందు శిబిరాలు: గాయపడిన మనసుకు కావలసిన రక్షణ

మనసు మీద బలంగా పనిచేసే మొక్కనో పుట్టగొడుగునో క్రతువు పద్ధతిలో తీసుకుని, ఒకటి రెండు రోజులో వారమో నిర్వాహకుల సంరక్షణలో గడిపే చోటును మొక్కల మందు శిబిరం అంటున్నారు. అమెజాన్ ప్రాంతపు ఆయహువాస్కా కషాయం, సైలోసైబిన్ ఉన్న పుట్టగొడుగులు, ఉత్తర అమెరికా ఆదివాసుల పెయోటీ వీటిలో ముఖ్యమైనవి. ఇలాంటి చోటికి వెళ్లేవారిలో సరదా కోసం వెళ్లేవారి కన్నా బాధ భరించలేక వెళ్లేవారే ఎక్కువగా కనిపిస్తారు. చిన్నప్పుడు దెబ్బలు తిన్నవారు, లైంగిక హింసకు గురైనవారు, యుద్ధం చూసినవారు, ఏళ్ల తరబడి మాత్రలు మింగినా నిద్ర పట్టనివారు ఇదే చివరి ఆశ అనుకుని వస్తారు. అందుకే శిబిరం నడిపేవారు తమ ఎదుట కూర్చున్న ప్రతి మనిషిలోనూ గాయం ఉండవచ్చన్న ఎరుకతోనే పని మొదలుపెట్టాలి. ట్రామా-సెన్సిటివ్, అంటే మనోగాయాన్ని దృష్టిలో పెట్టుకున్న సంరక్షణకు పునాది ఇదే.

మనోగాయం అంటే జరిగిన ఘోరం ఒక్కటే కాదు, అది జరిగిపోయాక కూడా ఒంట్లో మిగిలిపోయిన భయం. తలుపు దబాలున మూసుకుంటే ఉలిక్కిపడటం, వెనక ఎవరైనా నిలబడితే ఊపిరి బిగబట్టడం, ఒక అత్తరు వాసనకే చేతులు చల్లబడటం దాని గుర్తులు. హింసలో మనిషి ముందుగా పోగొట్టుకునేది తన ఒంటి మీద తన అధికారాన్ని. అమెరికన్ మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో వెలువరించిన 'ట్రామా అండ్ రికవరీ' పుస్తకంలో కోలుకోవడాన్ని మూడు దశలుగా వివరించారు. ముందు భద్రత, తర్వాత జరిగినదాన్ని తలచుకుని దుఃఖించడం, ఆపైన మళ్లీ మనుషుల్లో కలవడం. మందు ఈ వరసను తలకిందులు చేయగలదు. భద్రత కుదరకముందే జ్ఞాపకాలు తోసుకువస్తాయి. శిబిరాల్లో వచ్చే చిక్కుల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంది.

ఆయహువాస్కాను సాధారణంగా రెండు మొక్కలు కలిపి కాస్తారు. ఒకదాని ఆకుల్లో డీఎంటీ ఉంటుంది. అది ఒక్కటే కడుపులోకి వెళితే జీర్ణక్రియలోనే నశించిపోతుంది. రెండోదైన తీగలోని పదార్థాలు దాన్ని నశింపజేసే ఎంజైమును అడ్డుకుంటాయి. అందువల్ల దాని ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటలు నిలుస్తుంది. వాంతులు మామూలే. ఒకసారి తాగాక మధ్యలో ఆపడం ఎవరి చేతుల్లోనూ ఉండదు. ఆ తీగే ఇంకో ప్రమాదం తెస్తుంది. డిప్రెషన్‌కు వాడే ఎస్ఎస్ఆర్ఐ మాత్రలతో అది కలిస్తే సెరొటోనిన్ సిండ్రోమ్ అనే ప్రాణాపాయ స్థితి రావచ్చు. లిథియం వాడేవారు సైలోసైబిన్ తీసుకుంటే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. పోనీ అని, శిబిరం కోసం ఆ మాత్రలను ఉన్నట్టుండి మానేయడమూ మంచిది కాదు. రాసిచ్చిన డాక్టరుతో మాట్లాడి నెమ్మదిగా తగ్గించాల్సిన మందులవి. ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రీనియా, బైపోలార్ జబ్బు ఉందా అని అడగని శిబిరం, అడిగినా తూతూమంత్రంగా వదిలేసే శిబిరం మొదటి మెట్టులోనే తప్పింది.

గాయం గురించి అడగడంలోనూ ఒక పద్ధతి ఉంది. ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పమనకూడదు. ఏ మాట, ఏ శబ్దం, ఏ తాకిడి భయం పుట్టిస్తుందో, భయం వేసినప్పుడు ఏది కుదుటపరుస్తుందో తెలుసుకుంటే చాలు. తలుపు దగ్గర పడుకోవాలా గోడవారన పడుకోవాలా, దీపం ఉండాలా వద్దా, పక్కన ఆడమనిషి ఉండాలా మగమనిషి ఉండాలా అన్న ఎంపికలు చిన్నవిగా కనిపిస్తాయి. కానీ ఒంటి మీద అధికారం పోగొట్టుకున్న మనిషికి దాన్ని కొంచెం కొంచెంగా తిరిగి ఇచ్చేవి అవే.

అన్నిటికన్నా కీలకమైనది తాకడం. చాప మీద పడుకున్న ఒక స్త్రీ మూడో గంటలో వణుకుతూ ఏడుస్తోందనుకుందాం. సహాయకుడు ఓదార్పుగా ఆమె భుజం మీద చెయ్యి వేస్తాడు. ఆమెకు ఆ చెయ్యి ఇరవై ఏళ్ల కిందటి చెయ్యి కావచ్చు. ఆ స్థితిలో మనిషి ఎదుటివారి మాటకు తేలిగ్గా లొంగిపోతాడు. అప్పుడు ఆమె తల ఊపినా దాన్ని ఒప్పుకోలుగా లెక్కపెట్టకూడదు. మందు తీసుకోకముందు, తేటగా ఉన్నప్పుడు ఎక్కడ తాకవచ్చని చెప్పిందో అంతవరకే. మత్తులో ఉండగా ఆ హద్దును పెంచడానికి వీల్లేదు, తగ్గించడానికి మాత్రం ఎప్పుడైనా వీలుండాలి. ఈ నియమానికి మినహాయింపు ఉండకూడదు.

ఇది ఊహించుకుని చెబుతున్న భయం కాదు. వాంకూవర్‌లో మ్యాప్స్ అనే పరిశోధన సంస్థ ఎండీఎంఏ అనే మందుతో జరిపిన ప్రయోగంలో పాల్గొన్న ఒక స్త్రీని, ప్రశ్నపత్రాలూ పర్యవేక్షణా ఉన్నచోటే, ఇద్దరు చికిత్సకులు కదలకుండా పట్టుకున్నారు. ఎండీఎంఏ మొక్క మందు కాకపోయినా ఆ గదిలో మనిషి నిస్సహాయత అదే. 2024 ఆగస్టులో 'సైకోఫార్మకాలజీ' పత్రిక ఎండీఎంఏ మీద తాను అచ్చువేసిన మూడు వ్యాసాలను ఉపసంహరించుకుంది. ఒక ప్రయోగ కేంద్రంలో జరిగిన అనైతిక ప్రవర్తనను కారణాల్లో ఒకటిగా పేర్కొంది. చికిత్సకుల ఆ ప్రవర్తనను లోకం కళ్లారా చూడగలిగిందంటే అక్కడ కెమెరా ఉండబట్టే. అడవిలోని శిబిరంలో కెమెరా ఉండదు.

మరి తరతరాలుగా ఈ మొక్కలను వాడుతున్న సమాజాలు ఎలా నెగ్గుకొచ్చాయి? 1956 అక్టోబరులో హంఫ్రీ ఓస్మండ్, ఏబ్రమ్ హాఫర్ అనే మనోవైద్యులు కెనడాలోని ఎడ్మంటన్‌కు తూర్పున, సస్కాచెవాన్‌లోని రెడ్ ఫెజెంట్ ఆదివాసుల దగ్గర పెయోటీ క్రతువుకు హాజరయ్యారు. నేటివ్ అమెరికన్ చర్చివారి ఆ క్రతువు రాత్రంతా టీపీ అనే గుడారంలో, నిప్పు చుట్టూ సాగింది. అక్కడ కూర్చున్నవారికి క్రతువు నడిపే మనిషి ఎవరో, ఎవరి కొడుకో తెలుసు. మన జాతరలో పూనకం వచ్చిన మనిషిని చుట్టుపక్కలవాళ్లు పట్టుకుని, నీళ్లు తాగించి, ఇంటికి చేర్చినట్టే అక్కడా ఆ మనిషి పూచీ ఊరందరిదీ. తప్పు చేసినవాడు మర్నాడు అదే ఊళ్లో ముఖం చూపించాలి. డబ్బు కట్టి వచ్చిన అపరిచితుల శిబిరానికి క్రతువు అందింది గానీ ఈ పూచీ అందలేదు. పవిత్రమైన చోటన్న పేరు దానికి బదులు కాదు. తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గర 2001 ఆగస్టు 6న గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది మానసిక రోగులు మంటల్లో చనిపోయారు. వాళ్లను అక్కడ చేర్చింది నమ్మకంతోనే.

ఎడ్మంటన్‌కు మేలు పేరుతో హాని ఎలా జరుగుతుందో మరింత దగ్గరగా తెలుసు. నగరాన్ని ఆనుకున్న సెయింట్ ఆల్బర్ట్ వద్ద 1924 నుంచి 1960ల చివరి దాకా ఎడ్మంటన్ ఇండియన్ రెసిడెన్షియల్ స్కూలు నడిచింది. తల్లిదండ్రుల నుంచి విడదీసి తెచ్చిన ఆదివాసీ పిల్లలను అందులో ఉంచారు. 1946లో మొదలైన చార్లెస్ క్యామ్సెల్ ఆసుపత్రికి ఉత్తరాది ఆదివాసులను క్షయ చికిత్స కోసం తెచ్చి, ఇంటికి దూరంగా నెలలు, ఏళ్లు ఉంచారు. మేలు పేరుతోనే ఇదంతా జరిగింది. ఆ కుటుంబాల్లో పెరిగిన మనిషికి 'మీ మంచికే' అన్న మాటే బెదురు పుట్టించవచ్చు.

అదే నేలలో మెరుగైన పద్ధతులూ పుట్టాయి. 1973లో ఏర్పడిన పౌండ్‌మేకర్స్ లాడ్జ్ పాత స్కూలు ఆవరణలోనే వ్యసనాలకు చికిత్స ఇస్తూ వచ్చింది. పెద్దల మాట, ప్రార్థన, స్వెట్ లాడ్జ్ అక్కడి ఆధారాలు. మత్తు కలిగించే మొక్కల అవసరం దానికి రాలేదు. రెసిడెన్షియల్ స్కూళ్ల విషయమై ఏర్పడిన ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్ 2014 మార్చిలో ఎడ్మంటన్‌లో జాతీయ సభ జరిపింది. స్కూళ్లలో బతికి బయటపడినవారు తమ అనుభవాన్ని నలుగురి ముందైనా, విడిగానైనా చెప్పుకునే వీలుండేది. పక్కన సహాయకులు ఉండేవారు. కమిషన్ సభల్లో కన్నీళ్లు తుడుచుకున్న కాగితాలను చెత్తబుట్టలో వేయకుండా పోగుచేసి, పవిత్రాగ్నిలో సమర్పించేవారు. శిబిరాలు నడిపేవారు నేర్చుకోవలసింది ఇంత శ్రద్ధను.

మొక్కల మందు వల్ల మేలే జరగదని అనడం కూడా సరికాదు. బ్రిటిష్ కొలంబియాలోని ఒక ఆదివాసీ సమాజంలో ఆయహువాస్కాతో పాటు బృంద కౌన్సెలింగ్ జరిపి, 2013లో ఫలితాలు ప్రచురించారు. పాల్గొన్న 12 మందిలో ఆశ, జీవన నాణ్యత వంటివి మెరుగుపడ్డాయి. కొద్దిమందిపై జరిగిన పరిశీలనే అయినా కొట్టిపారేయదగ్గది కాదు. అక్కడ సమాజమూ కౌన్సెలర్లూ తోడున్నారన్నది మరువకూడదు.

చట్టం విషయానికి వస్తే కెనడాలో సైలోసైబిన్, డీఎంటీ నియంత్రిత పదార్థాలు. పెయోటీ మొక్కకు మినహాయింపు ఉంది. ఆయహువాస్కాను మతపరంగా వాడుకోవడానికి 2017లో మాంట్రియల్‌లోని ఒక సాంతో దైమే సంఘానికి అనుమతి దొరికింది. సైకెడెలిక్ మందులతో మానసిక చికిత్సకు 2023 జనవరి 16 నుంచి, ఎడ్మంటన్ ఉన్న ఆల్బర్టాలో లైసెన్సు తప్పనిసరి, వైద్య బాధ్యుడు మనోవైద్యుడై ఉండాలి. కెనడాలో ఇలాంటి నియమాలు తెచ్చిన మొదటి రాష్ట్రం ఇదే. ఆల్బర్టాలోనే, నమోదైన వైద్యుడో సైకాలజిస్టో రోగిపై లైంగిక అత్యాచారానికి పాల్పడినట్టు తేలితే అనుమతి రద్దయ్యే చట్టం 2019 నుంచి అమల్లో ఉంది. శిబిరం నడిపే గురువుకు రద్దు చేయడానికి అసలు అనుమతే ఉండదు. హాని జరిగినా బాధితులు పోలీసుల దగ్గరికి వెళ్లరు, తామూ నిషిద్ధ పదార్థం తీసుకున్నామన్న భయంతో. చదువుకోవడానికో వర్క్ పర్మిట్ మీదో వచ్చిన తెలుగువారికి ఇమ్మిగ్రేషన్ భయం, ఇంటి పరువు భయం దీనికి తోడవుతాయి. మోసగాడికి అదే అలుసు.

శిబిరం ముగిసిన తర్వాతి వారాలే అసలు పరీక్ష. 2022లో వెలువడిన అంతర్జాతీయ సర్వేలో ఆయహువాస్కా తాగిన 10,836 మందిలో 55.9 శాతం తర్వాతి వారాల్లో, నెలల్లో ఏదో ఒక మానసిక ఇబ్బంది కలిగిందన్నారు. వారిలో ఎక్కువమంది దాన్ని ఎదుగుదలలో భాగంగానే చూశారు. దాదాపు 12 శాతం మంది మాత్రం నిపుణుల సాయం తీసుకున్నారు. బాగున్న శిబిరం మర్నాడు ఎవరినీ ఒంటరిగా కారెక్కించి పంపదు. మూడో రోజు, రెండో వారం, రెండో నెల ఫోన్ చేస్తుంది. నిద్ర పడుతోందా, పనికి వెళుతున్నారా, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడుగుతుంది. అలా అడిగేవారు లేనప్పుడు ఆల్బర్టాలో 811కు చేస్తే నర్సు పలుకుతారు, ఆత్మహత్య ఆలోచనలకు 988 ఉంది. ఒంటికి ప్రమాదం వచ్చి ఎమర్జెన్సీకి వెళ్లినప్పుడు ఏం తాగారో, ఎప్పుడు తాగారో దాచకుండా డాక్టరుకు చెప్పాలి. ఆయహువాస్కా లోపల ఉండగా ఇవ్వకూడని మందులు ఉంటాయి. ఓవర్‌డోస్ ప్రమాదంలో 911కు ఫోన్ చేసినవారిపై, అక్కడే ఆగినవారిపై కేవలం పదార్థం దగ్గర ఉందన్న కేసు పెట్టకుండా 2017 నాటి ఫెడరల్ చట్టం కాపాడుతుంది.