చివరి ఆయకట్టుకు డాక్టరు రావాలంటే
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవాల సందర్భంగా మన సంఘం ఒక విద్యానిధి పెట్టాలని తలపెట్టింది. మన బడిలో చదివి ఎంబీబీఎస్, నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుల్లో చేరే పిల్లలకు అప్పుగా సాయం చేయాలి. చదువయ్యాక వాళ్లు కొన్నేళ్లు నస్రుల్లాబాద్, బాన్సువాడ ప్రాంతంలో పనిచేస్తే ఆ అప్పు మాఫీ చేయాలి. ఇదీ ప్రతిపాదన. దీని మీద మనలో రెండు అభిప్రాయాలున్నాయి. షరతు లేకపోతే ఒక్కరు కూడా తిరిగి రారని కొందరంటున్నారు. పేద పిల్లల మెడలో గుదిబండ కట్టొద్దని మరికొందరంటున్నారు. డాక్టర్ల సంగతి ఇంజనీరుకెందుకని మీరు అడగవచ్చు. ఒప్పందాలు, గడువులు, జరిమానాల మధ్యే నా ఉద్యోగమంతా గడిచింది. ఆ చనువుతో నాలుగు మాటలు చెబుతాను.

మనది నిజాంసాగర్ కింది ప్రాంతం. మంజీర మీద 1931లో ఆ ప్రాజెక్టు పూర్తయింది. ప్రాజెక్టు నిండినంత మాత్రాన చివరి మడికి నీళ్లు రావన్న సంగతి ఇక్కడ ఏ రైతునడిగినా చెబుతాడు. కాలువ పూడిక తీయాలి, తూములు పనిచేయాలి, పైవాళ్లు వంతు పాటించాలి. వైద్యం సంగతీ అంతే. 2013లో నిజామాబాద్‌లో, 2023లో కామారెడ్డిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మనం చదువుకునే రోజుల్లో ఊహించని విషయం ఇది. పైన నీళ్లు పెరిగాయి, సంతోషం. చివరి ఆయకట్టుకు ఎలా చేరతాయన్నది వేరే ప్రశ్న.

దీనికి ప్రభుత్వాలు కనిపెట్టిన మార్గం బాండు. ప్రజల డబ్బుతో తక్కువ ఫీజుకు చదివించాం కాబట్టి ఇన్నేళ్లు ప్రభుత్వ ఆస్పత్రిలో పనిచేయాలి, లేదంటే ఇన్ని లక్షలు కట్టాలి అని సీటు ఇచ్చేటప్పుడే రాయించుకుంటారు. ఇది వెట్టిచాకిరీ అని, వృత్తి స్వేచ్ఛకు భంగమని పలు రాష్ట్రాల డాక్టర్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2019 ఆగస్టు 19న జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ హేమంత్ గుప్తాల ధర్మాసనం బాండ్లు చెల్లుతాయని తీర్పు చెప్పింది. అయితే ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకం షరతు ఉండటం చూసి, దేశమంతటికీ ఒకే విధానం ఆలోచించమని సూచించింది. కాబట్టి షరతు పెట్టడం తప్పు కాదు. ఎలాంటి షరతు పెట్టాలన్నదే మన ముందున్న పని.

అమెరికాలో మూడు పద్ధతులు నడుస్తున్నాయి. మనవాళ్లు చాలామంది అక్కడ ఉన్నారు కాబట్టి వాటిని చూద్దాం.

మొదటిది నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్. 1970 నాటి చట్టంతో మొదలైంది. చదువు అప్పులు తీర్చే పథకం 1987లో దానికి తోడైంది. డాక్టర్లే కాదు, దంతవైద్యులు, నర్స్ ప్రాక్టీషనర్లు, మానసిక వైద్య నిపుణులు కూడా ఇందులో చేరవచ్చు. వైద్యుల కొరత ఉందని ప్రభుత్వం గుర్తించిన చోట మొదట రెండేళ్లు పనిచేస్తామని ఒప్పుకుంటే అప్పు తీర్చడానికి డబ్బిస్తారు. మధ్యలో వదిలేస్తే మిగిలిన కాలానికి తీసుకున్న సొమ్ము తిరిగి కట్టాలి, పనిచేయని ప్రతి నెలకూ 7,500 డాలర్లు, పైన వడ్డీ కూడా కట్టాలి. డబ్బు ముందు, సేవ తర్వాత కాబట్టి జరిమానా అంత గట్టిగా ఉంటుంది.

రెండోది 2007లో వచ్చిన ప్రజాసేవ రుణమాఫీ. ప్రభుత్వంలోనో, లాభాపేక్ష లేని సంస్థలోనో పనిచేస్తూ 120 నెలసరి వాయిదాలు కడితే మిగతా అప్పు రద్దవుతుంది. ఇందులో జరిమానా లేదు. వినడానికి బాగుంది. కానీ పదేళ్లు నిండి, మొదటి దఫా వాళ్లు దరఖాస్తులు పెట్టుకున్నప్పుడు దాదాపు అన్నీ తిరస్కరించారు. అప్పు ఫలానా రకం కాదనో, వాయిదాల లెక్క కుదరలేదనో కారణాలు. సేవ చేసిన మనిషి కాగితం దగ్గర ఓడిపోయాడు. ఆ తర్వాత నిబంధనలు సడలించాల్సి వచ్చింది.

మూడోది డబ్బుతో సంబంధం లేనిది, మనవాళ్లకు బాగా తెలిసినది. జే-1 వీసా మీద రెసిడెన్సీ చేసిన విదేశీ డాక్టరు మామూలుగా రెండేళ్లు స్వదేశానికి వెళ్లాలి. వైద్యులు లేని ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తే ఆ నిబంధన నుంచి మినహాయింపు దొరుకుతుంది. 1994లో మొదలైన ఈ ఏర్పాటును కాన్రాడ్ పథకమంటారు. ఇప్పుడు ఏడాదికి రాష్ట్రానికి 30 మందికి అవకాశం. మా పెద్దక్కయ్య అల్లుడు పిల్లల డాక్టరు, ఇలాగే ఒక చిన్న టౌనుకు వెళ్లాడు. మూడేళ్లు కాగానే వచ్చేస్తాడనుకున్నాం. ఏడేళ్లు ఉన్నాడు. ఎందుకున్నావని అడిగితే, "ఇల్లు దొరికింది మామయ్యా, పిల్లలకు బడి ఉంది, ఆస్పత్రిలో పరికరాలున్నాయి, పెద్ద డాక్టరు ఫోనెత్తుతాడు" అన్నాడు. షరతు అతన్ని అక్కడికి తీసుకెళ్లింది, వసతి అక్కడ నిలబెట్టింది.

ఇవన్నీ చూశాక మన నిధికి నేను చెప్పేవి ఐదు.

ఒకటి, సేవ చేస్తానన్న మాట చదువు మొదట్లో కాక, చదువు ముగిశాక తీసుకుందాం. పదిహేడేళ్ల పిల్లకు తను ఏ డాక్టరు కావాలో, ఏ ఊళ్లో ఉండాలో తెలియదు. పద్దెనిమిది నిండకుండా పెట్టే సంతకం కాంట్రాక్టు చట్టం ముందు నిలవదు కూడా.

రెండు, పనిచేసిన ప్రతి ఏడాదికీ అప్పులో ఒక వంతు రద్దు చేద్దాం. రెండేళ్లకే వెళ్లిపోయినా ఆ రెండేళ్ల ఫలం పోకూడదు. మేస్త్రీకి గోడ లేచిన కొద్దీ బిల్లు ఇస్తాం కదా, ఇదీ అంతే.

మూడు, రానివాళ్లు తీసుకున్న అప్పు వాయిదాల్లో తిరిగి కడితే చాలు. జరిమానా వద్దు. మన కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కూడా ఎంత రాసుకున్నా సమంజసమైన పరిహారమే ఇప్పిస్తుంది. భయపెట్టే అంకె రాస్తే పేదింటి తల్లిదండ్రులు దరఖాస్తు దగ్గరే ఆగిపోతారు. కలిగినవాళ్లు మాత్రం ఆ అంకె కట్టేసి వెళ్లిపోతారు.

నాలుగు, పెళ్లి, కాన్పు, అనారోగ్యం, పీజీ సీటు వస్తే గడువు వాయిదా పడాలి. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో ఇది స్పష్టంగా రాయాలి. ఒప్పందం మొత్తం ఒక్క పేజీలో, తెలుగులో ఉండాలి. చదివి ఆ తల్లికి అర్థం కావాలి.

ఐదు, నిధిలో కొంత భాగం మనుషుల మీద కాక వసతి మీద పెట్టాలి. వచ్చే నర్సుకో, డాక్టరుకో ఉండటానికి గది, రాత్రిపూట కరెంటు పోతే ఇన్వర్టరు, తాగునీరు. ఇవి మన చేతిలో ఉన్న పనులు. బాన్సువాడలోనో, మండలంలోనో ప్రభుత్వ ఉద్యోగమే చేసినా దాన్ని మన సేవగానే లెక్కించాలి. ఆమె ఎవరి జీతం మీద ఉందన్నది రోగికి అవసరం లేదు.

ఇంత చేసినా పదిమందికి సాయం చేస్తే పదిమందీ తిరిగి రారు. ముగ్గురొచ్చినా మేలే. మిగతా ఏడుగురి సొమ్ము తిరిగి నిధికి వస్తుంది, మరో ఏడుగురికి దారవుతుంది. మా సార్లు మమ్మల్ని చదివించేటప్పుడు తిరిగొచ్చి ఊరికి సేవ చేస్తామని ఏ బాండూ రాయించుకోలేదు. అయినా ఈరోజు ఇంతమందిమి వచ్చి కూర్చున్నాం. ఆ నమ్మకాన్ని కాగితంలో కొంత మిగలనిద్దాం.

ముసాయిదా కమిటీకి ఇచ్చాను. సాయంత్రం సర్వసభ్య సమావేశంలో చర్చకు వస్తుంది. భోజనాలు కాగానే వెళ్లిపోకుండా ఉండి, తప్పులుంటే దిద్దండి. సెలవు.