కనిపెట్టుకొని ఉండేవాడు



అల్లాహ్ శుభనామాలలో ‘రఖీబ్’ ఒకటి. దానిని పరిశీలకుడని కొందరు, పర్యవేక్షకుడని కొందరు తెలుగు చేస్తారు. తప్పు కాదు గాని, ఆ మాటలు చాలవు. ఎన్నికల పరిశీలకుడు వస్తాడు, నివేదిక వ్రాసి వెళ్ళిపోతాడు. పర్యవేక్షకుని చూపు పనివేళలతోనే ముగుస్తుంది. మన ఇళ్ళలో వాడే ‘కనిపెట్టుకొని ఉండటం’ అన్న మాటే రఖీబ్‌కు దగ్గరిది. జ్వరపడిన బిడ్డను తల్లి రాత్రంతా కనిపెట్టుకొని ఉంటుంది. చూపు, కాపు, ఎదురుచూపు మూడూ అందులో ఉన్నాయి. అరబీ ధాతువులోనూ అంతే. తూనికలలో మోసగించే తన జాతితో షుఐబ్ ప్రవక్త (అలైహిస్సలాం) తానూ రఖీబ్‌నేనని అన్నప్పుడు, రానున్న తీర్పుకై ఎదురుచూసేవాడనే అర్థం (హూద్: 93).

అల్లాహ్ పట్ల ఇదే నామం నిసా సూరా మొదటి ఆయతు చివర వస్తుంది. నికాహ్ ఖుత్బాలో ఆ ఆయతును ఎన్నిమార్లు వినలేదు! విన్న మరుక్షణమే మన చూపు ఖర్జూరాల పళ్ళెం మీదికి పోతుంది, అది వేరే సంగతి.

ఆ ఆయతు రక్తసంబంధాల విషయంలో భయభక్తులు కలిగి ఉండమని ఆదేశిస్తుంది. అల్లాహ్ చూస్తున్నాడనగానే మనకు రాత్రివేళ చేసే నమాజు, ఏకాంతంలోని కన్నీరు గుర్తుకు వస్తాయి. అదీ నిజమే. కాని ఇక్కడ ఆ నామం వెనువెంటనే వచ్చేది అనాథల ఆస్తి. వారి మంచి సొమ్ముకు బదులు మీ చెడ్డ సొమ్మును అంటగట్టవద్దని, వారి ధనాన్ని మీ ధనంలో కలిపి తినవద్దని హెచ్చరిక. తరువాత భార్య మహర్. ఆ పిమ్మట, ఆస్తి కొంచెమైనా ఎక్కువైనా స్త్రీలకూ వాటా ఉన్నదన్న శాసనం (నిసా: 2–7). అన్నీ తలుపులు మూసిన ఇంటిలో జరిగే వ్యవహారాలే. అక్కడ నోరు లేనివారి హక్కుకు కాపలా ఎవరు?

తండ్రి గతించాక సోదరిని రిజిస్ట్రారు కార్యాలయానికి తీసుకువెళ్ళి, హక్కు విడుదల దస్తావేజుపై సంతకం చేయించటం మనలోనూ ఉన్నది. ‘తానే ఇష్టపడి వదులుకుంది’ అంటారు. నిజంగా ఇష్టపడితే అభ్యంతరం లేదు. మహర్ విషయంలోనూ అల్లాహ్ పెట్టిన షరతు అదే: ఆమె మనసారా వదిలినదే భర్తకు ధర్మసమ్మతం. మరి పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందన్న భయంతో చేసిన సంతకం మనసారా చేసినదేనా? వాటాను ముందు ఆమె చేతికిచ్చి, ఆ తరువాత ఆమె ఏమి చేస్తుందో చూడరాదా?

దస్తావేజుపై సాక్షులు కూడా సంతకం చేస్తారు. వారు చూసినది ఆమె చేతిని మాత్రమే. ముందటి రాత్రి ఇంటిలో ఆమెతో ఎవరు ఏమి మాట్లాడారో వారికి తెలియదు. రఖీబ్‌కు తెలుసు.

అట్టి దస్తావేజు మన బీరువాలో ఉన్నట్లయితే నేడే తీసి చూద్దాం. ఆ సోదరి జీవించి ఉంటే ఆమె ఇంటికి వెళ్ళి, ఆమె హక్కు ఆమెకు అప్పగిద్దాం. లేకుంటే ఆమె వారసులున్నారు.