క్రీడావ్యసనము – మన విద్యార్థులు
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ముప్పది సంవత్సరములకు పైగా పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్న నాకు ఈ సభయందు మాటలాడు భాగ్యము కలిగించిన కార్యవర్గమునకు కృతజ్ఞతాభివందనములు. విద్యానిధిని గూర్చి నేను ముచ్చటింతునని మీరు తలంచియుందురు. కాని నేడు నేనొక అపరాధమును మీ యెదుట ఒప్పుకొనదలచితిని.

గత సంవత్సరము మన సంఘ వసతిగృహమున ఒక విద్యార్థి తెల్లవారుజామున మూడుగంటలకు సెల్‌ఫోనులో ఆన్‌లైన్ ఆట లాడుచు పట్టువడెను. మంచము క్రింద ఎనర్జీ డ్రింకుల ఖాళీ డబ్బాలును, సిగరెట్టు పీకలును కనబడెను. పర్యవేక్షక సంఘమున నేనును సభ్యుడను. "తా చెడ్డ కోతి వనమెల్ల చెఱచును, వీనిని పంపివేయుడు" అని మొదట పలికినవాడను నేనే. పంపివేసితిమి. అతడు చదువు మానెనని పిమ్మట తెలిసినది.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున ద్యూతమును, పానమును కామజవ్యసనములలో ఒక్క పంక్తినే కూర్చుండబెట్టెను. ఈ రెండింటి చెలిమి క్రొత్తది కాదు. అయినను నేటి తీరు వేఱు. పూర్వపు పానరతుడు తన్ను తాను మఱచుటకై త్రాగెడివాడు. మన బాలుడు మేల్కొనియుండుటకై త్రాగెను. ఆట నడుమ విడిచినచో తోడి ఆటగాండ్రు ఓడుదురు. ఒక ఆట ముగిసినంతనే మఱియొకటి సిద్ధము. నిద్రయే అతనికి శత్రువైనది.

కెఫీను మెదడులో నిద్రమత్తు కలిగించు అడినోసిను అను పదార్థము యొక్క పనిని అడ్డగించును. అది అలసటను తీర్పదు, తెలియకుండ చేయును. పెద్దవారి శరీరమునుండి దానిలో సగము తొలగుటకే సుమారు 5 గంటలు పట్టును. రాత్రి పదిగంటలకు త్రాగినది మూడుగంటలకును సగము నిలిచియే యుండును. ఇట్లు అప్పుదెచ్చిన మెలకువకు వడ్డీ మఱునాటి తరగతిలో చెల్లింపవలెను. అది తీర్చుటకు మఱొక డబ్బా, ఆపై సిగరెట్టు.

ఈ దారి యెందాక పోవునో వినుడు. 2015లో కౌంటర్ స్ట్రైక్ అను ఆటలో పేరొందిన యొక ఆటగాడు, పెద్దపోటీలో తానును, తన జట్టువారును ఆడెరాల్ అను మాత్రలు వాడితిమని బాహాటముగా చెప్పెను. అది ఏకాగ్రతాలోపమునకు వైద్యులిచ్చు ఆంఫెటమిను మందు. ఆ యేడే ఈఎస్‌ఎల్ సంస్థ తన పోటీలలో మాదకద్రవ్య పరీక్షల నారంభించెను. మన దేశమున ఆంఫెటమిను 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమునకు లోబడినది.

ఆటలాడు ప్రతివాడును రోగి యని నే ననను. ప్రపంచారోగ్యసంస్థ వారి రోగవర్గీకరణము, 2022 జనవరి 1 నుండి అమలైనది, ఆటపై అదుపు తప్పి, చదువు సంసారములు చెడుచున్నను మానలేని స్థితి సాధారణముగా 12 నెలలు సాగినప్పుడే దానిని వ్యాధిగా గణించును. 2025లో పార్లమెంటు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు చట్టము చేసినది. కాని పందెము లేని ఆటకై రాత్రి మేల్కొను బాలుని ఆ చట్టము నిద్రపుచ్చజాలదు. అది మన పని.

వ్యాధి కావచ్చునని తోచినప్పుడు వైద్యుని పిలువవలసినది పోయి, మనము తలుపు మూసితిమి. కావున మూడు విన్నపములు. రాత్రి పదిగంటలకు ఫోనులన్నియు వార్డెనుగారి పెట్టెలో నుండవలెను; ఆ నియమము వార్డెనుగారికిని వర్తింపవలెను. వసతిగృహపు అంగడిలో ఎనర్జీ డ్రింకులు అమ్మరాదు. ఎవడైన పట్టువడినచో ముందుగా తలిదండ్రులను పిలిచి, వైద్యునికి చూపవలెను. 14416 సంఖ్యకు ఫోను చేసినచో టెలీ మానస్ వారు ఉచితముగా సలహా చెప్పుదురు. పంపివేయుట అన్నిటికిని కడపటి మాట కావలెను.

పోషకులైన మీరు భవనములు కట్టించితిరి. ఈ యేడు సాయంకాలము బాలురు చెమటోడ్చి ఆడుకొనుటకు ఒక ఆటస్థలము కూడ కల్పింపుడు. పగలు అలసిన దేహము రాత్రి నిద్రను తానే వెదకికొనును.

చివరిమాట. ఆ బాలుని తిరిగి చేర్చుకొనుటకు కార్యవర్గము అంగీకరించినచో, పిలుచుకొనివచ్చుటకు వాని యింటికి నేనే పోయెదను. పంపివేయుడని మొదట పలికిన నోరు రమ్మనియు మొదట పలుకుట న్యాయము.

స్వస్తి.