వాకిట్లో దోనె



కొల్లేటి ఊళ్ళలో తాటిదోనె తెలియనివారు ఉండరు. తాటిమాను తొలిచి చేస్తారు. ఒకప్పుడు దానిమీదే చేపలవేట, దానిమీదే రాకపోకలు.

ఒక ఇంట్లో భర్త తన తండ్రి దోనెను వాకిట్లో పెట్టాడు. నీళ్ళు నింపి కలువలు వేశాడు. చూసినవాళ్ళు నవ్వారు. భార్యకు నడవడానికి దారి లేదు. అయినా మామగారి గుర్తని ఊరుకుంది.

వానాకాలంలో పిల్లకు జ్వరం వచ్చింది. ఏలూరు పెద్దాసుపత్రిలో డెంగ్యూ అన్నారు. పిల్ల కోలుకుంది. ఇంటికొచ్చి చూస్తే దోనె నీళ్ళలో సన్నని పురుగులు! అవి దోమపిల్లలు.

"దీన్ని పొయ్యిలో పెడతానయ్యా!" అంది భార్య. భర్త కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "మా అయ్య దీనిమీదే మమ్మల్ని సాకాడే" అన్నాడు.

ఆమె ఆలోచించింది. "సరే, దోనె ఉండనీ. దోమలు మాత్రం ఉండకూడదు" అంది. ఇద్దరూ నీళ్ళు తోడేసి దోనెను గోడవారకు జరిపారు. మళ్ళీ నింపి గంబూజియా చేపలు వదిలారు. అవి దోమపిల్లలను తింటాయి.

గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే తొట్టి, కుండ, పాత టైరు వారానికోసారి ఒంపి ఆరబెట్టాలి.

భర్త ఇష్టాన్ని కాదనక్కర్లేదు. మన మాట దాచుకోనక్కర్లేదు. ఇల్లు ఇద్దరిదీ.