పాత ఫోటోలు – కంప్యూటరు పూతలు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్ల మధ్య గుమాస్తాగా గడిపినవాణ్ణి. చిత్రకళలో నాకు ప్రవేశం లేదు. మనుమరాలి పక్కన కూర్చుని కంప్యూటరులో బొమ్మల పని కొంత నేర్చుకున్నాను. మనలో చాలామంది పెద్దల ఫోటోలను పెయింటింగులా కనబడేట్టు చేయించి గోడకు పెట్టుకుంటున్నారు గనుక ఈ నాలుగు మాటలు.

చేర్యాల నకాషీ చిత్రకారులు ఖద్దరు బట్ట మీద నేరుగా రంగు వేయరు. గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, జిగురు కలిపి పూత పూసి ఆరబెడతారు. రంగు ఆ పూత మీద నిలుస్తుంది. కంప్యూటరు తెరమీద బట్టా లేదు, పూతా లేదు. అక్కడ గరుకును వెలుగునీడలతో కల్పించాలి. జేమ్స్ బ్లిన్ అనే శాస్త్రజ్ఞుడు 1978లో ఇందుకు ఒక ఉపాయం చూపారు. ఎత్తుపల్లాలు ఉన్నట్టు లెక్కకట్టి, వెలుతురు తగిలే వైపు తెలుపు, అవతలి వైపు నీడ వేస్తే చాలు, కన్ను నమ్ముతుంది. ఉచితంగా దొరికే గింప్‌లో 'బంప్ మ్యాప్' చేసేది ఈ లెక్కే. కాన్వాసు నేత కావాలంటే 'అప్లై కాన్వాస్' ఉంది. వెలుతురు ఏ మూల నుంచి, లోతు ఎంత అని అడుగుతుంది. లోతు తక్కువ పెడితేనే ముఖం ముఖంలా ఉంటుంది.

ఇక అసలు సంగతి. మా అమ్మగారిది ఒకే ఒక్క ఫోటో, 1982 నాటిది. ఆ రోజుల్లో కొన్ని ఫోటోలను తేనెపట్టు గళ్లవంటి గరుకు కాగితం మీద వేసేవారు. దాన్ని స్కాన్ చేస్తే, వెలుతురు ఒక పక్క నుంచి పడి ప్రతి గడీ తెల్లచుక్కగా మెరుస్తుంది. ఒక స్టూడియోలో ఇస్తే ఆ చుక్కలు పోవాలని ముఖమంతా నున్నగా చేసి, పైన కాన్వాసు పూత వేసి ఇచ్చారు. చిన్ననాడు వచ్చిన మశూచి మచ్చలు అమ్మ బుగ్గల మీద ఉండేవి. అవీ పోయాయి. మా చెల్లెలు చూసి, "ఎవరన్నా ఈమె?" అన్నది.

మనుమరాలు వేరే దారి పట్టింది. ఫోటోను ఒకసారి స్కాన్ చేసి, తలకిందులుగా పెట్టి మళ్లీ చేసింది. రెండో దాన్ని కంప్యూటరులో సగం చుట్టు తిప్పి, మొదటిదాని మీద సరిగ్గా పేర్చి, సగం పారదర్శకం చేసింది. మెరుపులు ఒకదాంట్లో ఒక పక్కన, రెండోదాంట్లో ఎదుటి పక్కన ఉంటాయి గనుక చాలావరకు అణిగిపోయాయి. మచ్చలు మాత్రం రెండింట్లోనూ ఒకే చోట ఉన్నాయి, నిలిచాయి. ఆ తరువాతే, వేరే పొర మీద, పలుచగా కాన్వాసు నేత వేసింది.

కాబట్టి మిత్రులారా, అసలు ఫోటోను ఎవరికీ వదిలి రావద్దు. స్కాన్ చేసిన ప్రతిని విడిగా దాచి, నకలు మీదనే పని చేయించండి. పూత చివరి పని కావాలి. పింఛను కాగితాలకు జతపరిచే ఫోటోకు ఇవేవీ వద్దు. అది గుర్తుపట్టడానికి ఇచ్చేది. కాగితం గరుకు పోయినా నష్టం లేదు, మనిషి గుర్తు పోకూడదు.